నీళ్ళమ్మ తల వంచిన మధ్యాహ్నం

ఆమెకు అందిన సంజాయిషీ నోటీసులో మొదటి ఆరోపణ ఇది: "విధి నిర్వహణలో ఉండగా, పాఠశాల ఆవరణలో జరిగిన మతపరమైన క్రియకు తెలిసి తెలిసి నీరు విడుదల చేయుట." రెండవది: "సదరు క్రియలో స్వయంగా పాల్గొనుట." నకలు నా దగ్గర భద్రంగా ఉంది. కోర్టు రికార్డు గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక నోటీసులు నాకు కొత్త కాదు. ఆనకట్ట తలుపులెత్తి ఊళ్ళు ముంచిన ఇంజనీరు మీద మోపవలసిన మాటను, భోజనానికి ముందు పిల్లల చేతులు కడిగించే ఒక ఆయా మీద మోపగా చూడడం మాత్రం అదే మొదటిసారి.

బడిలో ఆమెను అందరూ నీళ్ళమ్మ అనేవారు. భోజనాల వరండా పక్కన పొడవాటి సిమెంటు తొట్టి, దాని మీద వరసగా కుళాయిలు. పిల్లలు కుళాయి తిప్పడమే గాని కట్టడం ఎరగరు. అందుకని వరస మొత్తానికీ కలిపి, వాళ్ళ చేతికి అందని ఎత్తున, గోడకు ఒక ఇనుప చక్రం బిగించారు. భోజనం గంట మోగగానే ఆమె ఆ చక్రం తిప్పుతుంది. కుళాయిలన్నీ ఒక్కసారిగా దగ్గి, కాస్త తుప్పు ఉమ్మి, నీళ్ళు వదులుతాయి. చివరి తరగతి కడుక్కుని వెళ్ళాక ఆమె చక్రం కట్టేసి, తొట్టి తోమి, అప్పుడు తాను తింటుంది. సబ్బు ముక్కలకు చిల్లులు పెట్టి తాళ్ళతో కుళాయిలకు వేలాడదీయడం ఆమె ఏర్పాటే. అంతకుముందు సబ్బులన్నీ పిల్లల జేబుల్లో ఇళ్ళకు వెళ్ళిపోయేవి.

ఈ ఉద్యోగానికి ముందు ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసింది, పెళ్ళి కాకముందు నుంచీ. వేడినీళ్ళలో, సోడాలో దుప్పట్లు ముంచి తీసీ తీసీ ఆమె వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. బడిలో వేలిముద్రల హాజరు యంత్రం పెట్టినప్పుడు అది ఆమెను ఎంతకీ గుర్తుపట్టలేదు.

"ఏమ్మా, అసలు నువ్వు ఉన్నావా, లేవా?" అని గుమాస్తా వేళాకోళమాడాడు.

"మీ మిషన్నే అడగండి బాబూ. నా మాట ఎవరు నమ్ముతారు?" అంది ఆమె.

భర్త లారీ మెకానిక్కు. గుండెనొప్పితో చాలా ఏళ్ళ కిందట పోయాడు. ఒక్కతే కూతురు, బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఒక ఉదయం మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. అల్లుడు దూర ప్రాంతాలకు సరుకు లారీలు నడుపుతాడు. తన చిన్న కూతుర్ని అత్తగారి దగ్గర విడిచి, వీలు చిక్కినప్పుడు ఫోను చేస్తూ ఉండిపోయాడు. మా ఇంటి కింది వాటాలో అమ్మమ్మా మనవరాలూ మిగిలారు.

నీళ్ళమ్మ ఏడవడం ఎవరూ చూడలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు టీ ఇచ్చింది, గ్లాసులు కడుక్కుంది, మర్నాటి నుంచి పనిలోకి వెళ్ళింది. కూర ఉప్పుకషాయమైనా తినేది, ఉప్పు వేయడం మరిచిపోయినా తినేది. ఒకసారి ఇస్త్రీపెట్టె ముంజేతికి తగిలి బొబ్బ లేస్తే, మనవరాలు చూసి కేక వేసేదాకా ఆమెకు తెలియలేదు. డాక్టరుకు చూపిద్దామన్నాను.

"నొప్పి ఉంటే కదా అన్నయ్యగారూ, డాక్టరు" అంది.

ఆమెకు మిగిలినదల్లా ఆ పిల్ల. పిల్ల చదివేది అదే బడి, మూడో తరగతి. పొద్దున ఇద్దరూ కలిసి వెళ్ళేవారు, సాయంత్రం కలిసి వచ్చేవారు. మధ్యాహ్నం కుళాయిల దగ్గర ఒకసారి కళ్ళు కలిపేవారు. చిన్నగా, చురుకుగా ఉంటుందని పిల్లలు దాన్ని పిచ్చుక అనేవారు.

ఆ బడి ప్రభుత్వానిది. మతం విషయంలో ప్రభుత్వం పంపిన ఆదేశాల ప్రతి కూడా నా దగ్గర ఉంది, స్పష్టంగానే ఉంది: పిల్లలు విరామ సమయంలో తమ విశ్వాసం గురించి తోటి పిల్లలతో మాట్లాడుకోవచ్చు, ఎదుటి పిల్ల వద్దన్న తరువాత ఆపాలి, ఉద్యోగులు మాత్రం విధి సమయంలో పిల్లలతో ప్రార్థన చేయరాదు, చేయించరాదు. మూడో తరగతి పంతులుగారు ఈ ఆదేశాన్ని గోడకు అతికించి, దాని కిందే నిలబడి, ప్రతి సాయంత్రం ఇంటి గంటకు ముందు పిల్లలందరి చేత చేతులు జోడించి కళ్ళు మూయించి తన మతం పాట ఒకటి పాడించేవారు. దీని మీద నేను విద్యాశాఖకు రాశాను. "అది సంస్కృతి, మతం కాదు" అని సమాధానం వచ్చింది. ఎక్కువమంది చేసేదానికి సంస్కృతి అనీ, తక్కువమంది చేసేదానికి ప్రచారమనీ పేరు పెట్టుకున్న శాఖతో వాదించడం గోడతో గోడు వెళ్ళబోసుకోవడమే. అయినా మళ్ళీ రాశాను. దానికి జవాబు లేదు.

ఆ తరగతిలోనే ఆ పాట పాడని పిల్ల ఒకతె ఉండేది. సైకిళ్ళు బాగుచేసేవాడి కూతురు. టైర్ల దుకాణం పైన అద్దె హాల్లో నడిచే ఒక చిన్న మందిరానికి ఆ కుటుంబం వెళ్ళేది. మిగిలినవాళ్ళు పాడుతుంటే ఈ పిల్ల పెదవులు బిగించి కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. దానికి శిక్షగా పంతులుగారు తలుపు పక్క బెంచీ ఇచ్చారు. నోరు బిగించడం ఆ ఒక్క పాటకే, మిగతా సమయమంతా అది మాట్లాడుతూనే ఉండేది. అందుకే దాని పేరు ప్రసంగం.

"ఏయ్ ప్రసంగం! ఇవాళ ఎవర్ని మంటలో వేస్తున్నావే?" అని పోలీసు కొడుకు కుళాయి దగ్గర ఏడిపించేవాడు.

"నేను వెయ్యను. ఊరికే చెబుతా, అంతే. వినకపోతే మీ ఇష్టం."

"మా నాన్నతో చెప్పి ఆ మంటని అరెస్టు చేయిస్తా."

"మంటని అరెస్టు చెయ్యలేరు. బేడీలు కరిగిపోతాయి."

పోలీసు కొడుకు దీని గురించి రెండు చేతులూ కడుక్కునేంతసేపు ఆలోచించి, "అయితే ఫైరింజను పిలుస్తా" అనేవాడు.

నీళ్ళమ్మ ఇదంతా చక్రం దగ్గర నిలబడి వినేది. ఎవరూ ఎవర్నీ కొట్టనంతవరకూ ఆమె కలగజేసుకునేది కాదు. ప్రసంగానికి ఎవరిమీదా కోపం లేదు. దానికి ఉన్నదల్లా భయం. తన మందిరంలో నెత్తిన నీళ్ళు పోయించుకోని వాళ్ళు చచ్చాక దేవుడి ఇంటి గేటు లోపలికి రాలేరని పెద్దలు చెప్పగా విన్నది. తన పక్కన కూర్చునే పిల్లలందరూ రేపు బయట నిలబడిపోతారని దానికి నిజంగా దిగులు. రబ్బరు అరువిచ్చిన పిల్లల గురించి మరీ దిగులు.

పిచ్చుక దానికి తరచు రబ్బరు అరువిచ్చేది. ఒకరోజు అడిగింది: "నీళ్ళు పోయించుకోకుండానే చచ్చిపోయినవాళ్ళు ఎక్కడుంటారు?"

ప్రసంగానికి వెంటనే తెలియలేదు. ఇంట్లో అడిగి మర్నాడు చెప్పింది. "గేటు బయట ఉంటారంట."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పుడూ."

ఆ సాయంత్రం దారిలో పిచ్చుక అమ్మమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. "అమ్మమ్మా, అమ్మ గేటు బయట ఉందా?"

"ఎవరన్నారు?"

"ప్రసంగం."

"ఊఁ" అంది నీళ్ళమ్మ. పంతులుగారికి చెప్పలేదు, సైకిళ్ళ దుకాణానికి వెళ్ళి దెబ్బలాడలేదు. ఎందుకని తరువాత అడిగాను. "ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు కదండీ. దానికి తెలిసింది అది చెప్పింది. లేదు తల్లీ, లోపలే ఉంది అని నేను చెప్పాలంటే, నాకు తెలియాలి కదా?" అంది.

పిచ్చుక అప్పట్నుంచి అన్నం సగంలో వదిలేసేది. ఇంటికి వచ్చేదారిలో ఏ ఇంటి గేటు మూసి ఉన్నా ఒకసారి ఆగి చూసేది.

ఆ మధ్యాహ్నం మూడో తరగతి చివరగా వచ్చింది. వరండాలో ఉండవలసిన పంతులుగారు స్టాఫు గదిలో భోంచేస్తున్నారు. ప్రసంగం తన స్టీలు గ్లాసు తెచ్చుకుంది. అంతవరకూ చెప్పడమే గాని పోయడం ఎన్నడూ చేయలేదు. ఆ పని చేసే అధికారం దాని మందిరంలో పెద్దవాళ్ళకు తప్ప ఎవరికీ లేదని ఆ పిల్లకు తెలియదు, లేదా అప్పటికి గుర్తులేదు. దానికి తోచిందల్లా ఒక్కటే: ఇక్కడ నీళ్ళున్నాయి, మందిరానికి వీళ్ళు రారు.

ముందు పోలీసు కొడుకు సరదాకి తల పెట్టాడు. ఎండగా ఉంది గనుక వాడి వెనక మరి కొందరు చేరారు. ప్రసంగం గ్లాసు నింపుకుని, ఒక్కొక్కరి పేరు అడిగి, మందిరంలో విన్న మాటలు చెబుతూ నెత్తిన పోసింది. మధ్యలో మాట మరిచిపోయినప్పుడు బడి ప్రతిజ్ఞలోంచి ఒక వాక్యం కలిపింది. "పెద్దలను గౌరవిస్తాను, క్రమశిక్షణ పాటిస్తాను" అన్నది కూడా ఆ విధంగా పవిత్రమైపోయింది.

పిచ్చుక వంతు వచ్చింది, అయింది. అది కదల్లేదు.

"ఇంకోసారి పొయ్యి. మా అమ్మకి."

ప్రసంగం గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. "మీ అమ్మ ఇక్కడ లేదుగా."

"అందుకే నాకు పొయ్యి."

"నీకు అయిపోయింది. ఒకళ్ళకి ఒక్కసారే." కాసేపు ఆలోచించింది. "మీ అమ్మ బదులు ఎవరన్నా నిలబడాలి. మీవాళ్ళే. పెద్దవాళ్ళు అయ్యుండాలి."

పిల్లలందరూ తలలు తిప్పి నీళ్ళమ్మ వైపు చూశారు. ఆమె చెయ్యి చక్రం మీదే ఉంది. ఒక్క తిప్పు తిప్పితే కుళాయిలన్నీ ఆగిపోయేవి. "పదండి పదండి, అన్నాలు చల్లారిపోతున్నాయి" అంటే అక్కడితో అయిపోయేది. ఆమె చక్రం వదిలి తొట్టి దగ్గరకు నడిచి వచ్చింది. ప్రసంగం మునివేళ్ళ మీద లేచి గ్లాసు ఎత్తింది. ఆమె భుజం దాకా కూడా అందలేదు. నీళ్ళమ్మ తల వంచింది.

"పేరు?" అంది ప్రసంగం.

నీళ్ళమ్మ తన కూతురి పేరు చెప్పింది. ఆ చావు తరువాత ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదలు. దాన్ని ఇక్కడ రాయను.

ఇంట్లో మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన ఒక తండ్రి అప్పుడే గేటు దగ్గర నిలబడి, ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు. అందులో ముందు జరిగింది లేదు, మాటలు లేవు. కుళాయిల చప్పుడు, ఒక గ్లాసు, వంగిన ఒక నెరిసిన తల. సాయంత్రానికి అది అందరి ఫోన్లకూ చేరింది. పిల్లల మతం మారుస్తున్నారని, బడి ఉద్యోగులే దగ్గరుండి మార్పిస్తున్నారని దాని కింద రాసి పంపారు.

మర్నాడు పొద్దున్నే ఆమె గుమ్మం ముందు చెప్పులు బారులు తీరాయి. ముందు వచ్చింది ఆమె పుట్టిన మతం తాలూకు సంఘంవాళ్ళు. ఆ మతంలో ఆమె ఒకతె ఉందన్న సంగతి వాళ్ళకు ఆ రోజే తెలిసి ఉండాలి, కూతురు పోయినప్పుడు వాళ్ళెవరూ రాలేదు.

"ఏం ఆశ చూపించారమ్మా నీకు? నిర్భయంగా చెప్పు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"గ్లాసు చూపించిందండి."

"అది కాదక్కా, మాయమాటలేం చెప్పారు?" అన్నాడు కుర్రాడొకడు.

"క్రమశిక్షణ పాటిస్తానని చెప్పింది నాయనా. అది బడివాళ్ళ మాయమాటే."

నేను మెట్ల మీద నిలబడి నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. ఆమె ముఖంలో ఎగతాళి కూడా లేదు, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. ఏదో ఒక కార్యం చేసి ఆమెను మళ్ళీ శుద్ధి చేస్తామని వాళ్ళు కబురు వదిలి వెళ్ళారు.

వాళ్ళ చెప్పులు వీధి మలుపు తిరగకముందే మందిరం పెద్ద వచ్చాడు, వెనకాల తల దించుకుని ప్రసంగం తండ్రి. మందిరం పెద్ద మర్యాదస్థుడే. కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీలో కలిగిన కోరిక గొప్పది. కాకపోతే ఒక చిక్కుంది. ఆ పాపకు ఆ అధికారం లేదు. పద్ధతి ప్రకారం చూస్తే ఆమె చేసినది..."

"పిచ్చుకా!" అని నీళ్ళమ్మ గట్టిగా కేక వేసింది. గది మూల లెక్కలు చేసుకుంటున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. "పైకెళ్ళి తాతగారింట్లో పాలు ఉన్నాయేమో అడిగి రా. గిన్నె పట్టుకెళ్ళు. నెమ్మదిగా రా."

పిల్ల వెళ్ళింది. మా ఇంట్లో పాలు లేవని ఆమెకు తెలుసు, ఆ పొద్దున పాలు తెచ్చిచ్చింది ఆమే, అవి కాచి తాగేశాం.

"ఇప్పుడు చెప్పండి" అంది.

"పద్ధతి ప్రకారం అది చెల్లదమ్మా. మీరు సెలవు రోజున మా మందిరానికి వస్తే..."

"చెల్లదని పిల్ల ముందు అనకండి. ఎక్కడా అనకండి. అంతే నేను అడిగేది."

"మరి మీరు వస్తారా?"

"రానండి."

సైకిళ్ళతను గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "మా పిల్ల రాత్రంతా ఏడ్చిందమ్మా. మీ ఉద్యోగం పోతుందని ఎవరో అన్నారట."

"ఏడవద్దని చెప్పు తమ్ముడూ" అంది నీళ్ళమ్మ. "నేనే వంగానని చెప్పు."

నోటీసు ఆ తరువాత వచ్చింది. దానికి జవాబు నేను రాశాను. ఆదేశంలోని ప్రతి వాక్యం ఉదహరించాను. పిల్లలు విరామంలో చేసుకున్నది పిల్లల స్వేచ్ఛ. ఏ పిల్లా వద్దనలేదు, బలవంతం లేదు. కుళాయి తిప్పడం ఆమె ఉద్యోగ ధర్మం, తిప్పకపోతే అది నేరం. వరండాలో ఉండవలసిన ఉపాధ్యాయుడు ఎక్కడున్నట్టు. రోజూ సాయంత్రం పాట పాడించే ఉద్యోగికి లేని నోటీసు నోరెత్తని ఉద్యోగికి ఎందుకు వచ్చినట్టు. రెండో ఆరోపణకు వచ్చేసరికి, ఆమె ఏ మతమూ స్వీకరించలేదనీ, కన్నతల్లి తన బిడ్డ స్థానంలో, ఆ బిడ్డ కూతురి ఊరట కోసం నిలబడిందనీ రాశాను. రాతి గుండె కూడా కదలాలి. కింది వాటాకు వెళ్ళి చదివి వినిపించాను.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. చివరికి వచ్చాక చేట కింద పెట్టింది.

"అది తీసెయ్యండి."

"ఏది?"

"నా కూతురి సంగతి. పిల్ల సంగతి. అది రాస్తే దాన్ని పిలుస్తారు. నలుగురు కూర్చుని, ఏం పాపా, నీకు ఎవరు చెప్పారు, అది నిజం కాదు తెలుసా అంటారు."

"అమ్మా, ఆ ఒక్క మాట మీదే కేసు నిలబడుతుంది. అది తీస్తే రెండో ఆరోపణకు జవాబే లేదు. ఉద్యోగం పోవచ్చు, ఎక్కడికైనా పంపెయ్యొచ్చు. అప్పుడు పిల్లను బడిలో ఎవరు చూస్తారు?"

"చూసుకోడం ఎలాగోలా చూసుకోవచ్చు అన్నయ్యగారూ. ఇప్పుడది అన్నం తింటోంది."

నిజమే, తింటోంది. ఆ మధ్యాహ్నం నుంచి పిచ్చుక కంచం ఖాళీ చేస్తోంది, దారిలో గేట్ల దగ్గర ఆగడం మానేసింది. నేను ఆ పేరా కొట్టేశాను.

విచారణ ప్రధానోపాధ్యాయిని గదిలో జరిగింది. ఆమెతో పాటు విద్యాశాఖ అధికారి, పాఠశాల సంఘం అధ్యక్షుడు కూర్చున్నారు. అధ్యక్షుడు మేకులూ తాళాలూ అమ్మే దుకాణం యజమాని. నోరు విప్పకూడదన్న షరతు మీద నన్ను సహాయకుడిగా కూర్చోనిచ్చారు. మూడో తరగతి పంతులుగారు సాక్షిగా వచ్చి, తాను ఆ సమయంలో "పర్యవేక్షణలో భాగంగా స్టాఫు గదిలో" ఉన్నానని చెప్పి వెళ్ళారు. ఆ వాక్యాన్ని అట్లాగే రికార్డు చేశారు.

"ఆ మతం మీద నమ్మకం ఉందా నీకు?" అని అధికారి అడిగారు.

"లేదండి."

"ఇంతకుముందు వాళ్ళ మందిరానికి వెళ్ళావా?"

"లేదండి."

"మరి తల ఎందుకు వంచావు?"

"దానికి అందలేదండి."

అధ్యక్షుడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "అందకపోతే వంగుతావా? రేపు ఇంకో పిల్ల కత్తెర పట్టుకొచ్చి జుట్టు కత్తిరిస్తానంటే?"

"కత్తెర లాక్కుంటానండి."

"గ్లాసు ఎందుకు లాక్కోలేదు?"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఇప్పుడైనా చెబుతుందేమోనని చూశాను. ఆమె చూపు బల్ల మీది గాజు పలక మీద, ఆ పలక కింద పెట్టిన పాత గ్రూపు ఫొటోల మీద నిలిచింది. ముఖంలో ఏ కదలికా లేదు.

"నీళ్ళే కదండీ" అంది చివరికి.

ప్రధానోపాధ్యాయిని మంచి మనిషి. గొడవ ముగిస్తే చాలన్న మనిషి. ముందుకు వంగి మెల్లగా అంది: "చూడమ్మా, నీ ఉద్యోగం తీసెయ్యాలని ఇక్కడెవరికీ లేదు. సోమవారం ప్రార్థన సమావేశంలో పిల్లల ముందు ఒక్క మాట చెప్పు. అది ఉత్త ఆట, దానికి ఏ అర్థమూ లేదు, నేను పొరపాటున వంగాను అని. పాపం ఆ చిన్నపిల్లనూ ఏమీ అనం. ఫైలు మూసేద్దాం."

"చెప్పలేనండి."

"నమ్మకం లేదన్నావుగా! లేనిది లేదని చెప్పడానికేం?" అన్నాడు అధ్యక్షుడు.

"లేదండి. కానీ చెప్పలేను."

"ఎందుకని?"

"నాకు చాతకాదండి" అంది.

అధికారి కలం మూత పెట్టేశాడు. "తమాషాగా ఉంది వ్యవహారం. నమ్మినవాళ్ళను చూశాను, నమ్మనివాళ్ళను చూశాను" అంటూ లేచాడు.

సోమవారం ఆమెకు బదులు ప్రధానోపాధ్యాయిని మైకులో చదివింది: కుళాయిల దగ్గర జరిగినది కేవలం ఆట, దానికి ఎటువంటి అర్థమూ, ఫలితమూ లేవు, ఇకమీదట ఎవరూ ఆ ఆట ఆడరాదు. మూడో తరగతి వరసలో పిచ్చుక నిలబడి వింది. ఆ వెంటనే పంతులుగారు అందరి చేతా తన పాట పాడించారు. ప్రసంగం ఆ వరసలో లేదు. తండ్రి దాన్ని వేరే బడికి మార్చాడు.

అదే రోజు నీళ్ళమ్మకు బదిలీ ఉత్తర్వు అందింది: "పిల్లలతో సంబంధం లేని విధులకు." విద్యాశాఖ గోదాములో, విరిగిన బెంచీలూ పాత నల్లబల్లలూ పోగేసిన షెడ్డులో, ఊడ్చే పని. ఆ ఉత్తర్వు మీద అప్పీలు రాసుకుని నేను సాయంత్రం కిందికి వెళ్ళాను. సంతకం కోసం. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని ఉన్నారు. పిచ్చుక కంచంలో వేలితో గీతలు గీస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అమ్మమ్మా, పెద్ద మేడం అది ఆట అని చెప్పారు."

"విన్నాను."

"ఆటేనా?"

నీళ్ళమ్మ గ్లాసులో మంచినీళ్ళు పోసి పిల్ల ముందు పెట్టింది. "నువ్వు ఆడావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేనూ ఆడలేదు" అంది నీళ్ళమ్మ.

పిల్ల ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. "అయితే అమ్మ లోపలికి వెళ్ళిందా?"

"అది నాకు తెలీదు తల్లీ. తెలిస్తే చెప్పనా?"

"ప్రసంగానికి తెలుసు."

"దానికి తెలుసేమో. నాకు తెలిసింది ఆడలేదనే."

పిచ్చుక అన్నం కలుపుకుంది. ఒక ముద్ద తింది. ఇంకొకటి తింటుందా లేదా అని నేనూ చూస్తున్నాను, ఆమె కూడా చూస్తోంది. తింది.

నేను కాగితం చూపించాను. "సంతకం పెడితే రేపే పంపుతాను."

"ఉంచండి అన్నయ్యగారూ, చూద్దాం" అంది నీళ్ళమ్మ, లేచి కంచాలు తీస్తూ. "రేపట్నుంచి దీన్ని పొద్దున బడి దగ్గర మీరు దింపగలరా? గోదాము అటువైపు కాదు."

దింపుతానన్నాను. అప్పీలు ఇంకా నా దగ్గరే ఉంది.